టేపుతో కొలిచిన సర్పి

బడిపిల్లల చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో నలభై మంది పనిచేస్తారు. అందరికంటే ముందు వచ్చేది కటింగ్ మాస్టారు. తాళం తీయించి, కిటికీలు తెరిపించి, కత్తెరకు నూనె పెట్టుకుని కటింగ్ బల్ల దగ్గర నిలబడటం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ సోమవారం మాత్రం ఆయన బల్ల దగ్గరకు వెళ్లలేదు. గోడవారన నిలబెట్టిన బట్ట తానుల వెనక్కి వెళ్లి, అటూ ఇటూ చూసి, చొక్కా పైకెత్తారు. మెడలో టేపు తీసి ఒక కొసను వెన్నెముక మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొసను ఎడమ పక్కటెముకల కింద నుంచి ముందుకు లాగారు. పదిన్నర అంగుళాలు. సరిగ్గా చూడలేదేమోనని మళ్లీ కొలిచారు. పదిన్నరే.

తన ఒంటికి తానే కొలతలు తీసుకుంటున్న దర్జీని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చదివేవారు ఆ నవ్వును కాసేపు ఆపుకోవాలి. మాస్టారు కొలుస్తున్నది చొక్కా కోసం కాదు. తనకింకా ఎన్ని రోజులు మిగిలాయో కొలుస్తున్నారు.

సంగతేమిటంటే, అంతకు ముందు గురువారం ఆయన ఎడమ పక్కన మంట మొదలైంది. బట్ట తాను ఎత్తేటప్పుడు నరం పట్టేసిందనుకున్నారు. శనివారం స్నానం చేస్తుంటే చేతికి తగిలాయి, గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు. అద్దంలో చూసుకుంటే వీపు మధ్య నుంచి పక్కకు ఎర్రటి పట్టీలా పాకి ఉన్నాయి. దాని పేరు ఆయనకు తెలుసు. సర్పి. చిన్నప్పుడు పక్కింటి ముసలావిడ చెప్పిన మాట కూడా గుర్తుంది. అది పాములాగే నడుం చుట్టుకుంటుందట, తల వచ్చి తోకను తాకిన రోజున మనిషి దక్కడట. అలా పోయినవాళ్లను ఎవరు చూశారో ఆవిడా చెప్పలేదు, ఈయనా అడగలేదు. ఏడేళ్ల పిల్లవాడి చెవిలో పడిన మాట యాభై ఎనిమిదేళ్లు వచ్చినా చెక్కు చెదరకుండా అలాగే ఉండిపోయింది.

శనివారం ఏడు, ఆదివారం తొమ్మిది, ఈ రోజు పదిన్నర. నడుం మొత్తం ముప్పై ఆరు. చేతికందిన చీటీ వెనక ఆ అంకెలు వేసుకుని మాస్టారు లెక్క కట్టారు. ఇదే నడకన పోతే తలా తోకా కలవడానికి ఇంకా రెండు వారాలు పడుతుంది. గురువారానికి ఢోకా లేదు. ఆ మాట అనుకోగానే ఆయన గుండె కుదుటపడింది.

గురువారం మీద ఆయనకంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే ఆయన భార్య గురించి చెప్పాలి. ఆమె అదే కార్ఖానాలో చొక్కాలకు గుండీలు కుడుతుంది. చిన్నా పెద్దా అందరూ గుండీలక్క అనే పిలుస్తారు. మాటకు మాట అప్పచెప్పే మనిషే గానీ, ఆయాసం ఉంది. చలిగాలి తగిలితే చాలు, పిల్లికూతలు మొదలవుతాయి. ఆ ఏడాది ఊళ్లను చుట్టేసిన దగ్గు జ్వరం మామూలు వాళ్లను వారం రోజులు మంచాన పడేస్తుంటే, ఆయాసం ఉన్నవాళ్లను ఆసుపత్రికి ఈడ్చుకుపోతోంది. ఆమెకు అది వస్తే కష్టమని ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మాస్టారితో విడిగా చెప్పింది కూడా.

మూడు వారాల కిందట ఆ జ్వరానికి టీకా వేసేవాళ్లు కార్ఖానాకే వచ్చినప్పుడు అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది మాస్టారే. వెనకాడిన వాళ్లను పేరుపేరునా పిలిచి, బతిమాలి, కొందరిని కసిరి మరీ కుర్చీలో కూర్చోబెట్టారు. ఇంట్లో మనిషి మాత్రం కూర్చోలేదు. సూదంటే భయమని ఒప్పుకోవడం చిన్నతనం కాబట్టి, ముందు మీరు వేయించుకోండి, మీకేమీ కాకపోతే రెండోసారి వచ్చినప్పుడు నేనూ వేయించుకుంటాను అంది. రెండోసారి వాళ్లు రాబోయేది ఈ గురువారమే.

ఇక సర్పి సంగతి ఆమెకు ఎలా చెబుతారు? చెబితే జన్మలో సూది దగ్గరకు పోదు. కార్ఖానాలో చెబితే అది సాయంత్రానికి గోరంత కొండంతై ఆమె చెవిన పడుతుంది. అందుకని ఆయన నోరు మెదపలేదు. రెండు రాత్రులు గోడవైపు తిరిగి చొక్కాతోనే పడుకున్నారు. ఉక్కపోతలో చొక్కా ఏమిటని ఆమె అడిగితే చలిగా ఉందన్నారు. పొక్కుల రసం అంటిన చొక్కా తనే ఉతుక్కున్నారు. ఇన్నేళ్లకు మీకు నా మీద జాలి కలిగిందా అని ఆమె వేళాకోళం చేస్తే నవ్వేసి ఊరుకున్నారు. ఒళ్లు కాలుతున్నట్టు మండుతుంటే నవ్వడం ఎంత కష్టమో ఆ మనిషికే తెలియాలి.

చస్తానని నమ్మినవాడు డాక్టరు దగ్గరకు ఎందుకు పోలేదని మీరు అడగవచ్చు. పోతే నలుగురికీ తెలుస్తుంది. తను పోయినా ఫరవాలేదు, ఆమెకు సూది పడితే చాలు. ఇదీ ఆయన తెలివి. మంచివాళ్లు చేసే తెలివితక్కువ పనులు ఇలాగే ఉంటాయి, తిట్టడానికి నోరు రాదు, మెచ్చుకోవడానికి అంతకన్నా రాదు.

తొమ్మిదింటికి మిషన్లు మోగాయి. కార్ఖానాలో కత్తిరించిన ముక్కలను కట్టలుగా కట్టి, ప్రతి కట్టకూ కొలతల చీటీ ఒకటి పిన్నుతో గుచ్చి ముందుకు పంపుతారు. ఆ చీటీయే కట్టతో పాటు కాలరు దగ్గరకు, చేతుల దగ్గరకు, కాజాల దగ్గరకు తిరిగి, చివరకు గుండీల బల్ల చేరుతుంది. ముప్పై ఏళ్లలో మాస్టారు చీటీ రాయడంలో తప్పు చేసి ఎరగరు. ఆ రోజు మంట మరిపించిందో, లెక్క కుదిరిన సంతోషం మరిపించిందో, తన అంకెలు వేసుకున్న చీటీ వెనక్కి తిప్పి ఓ కట్ట కొలతలు రాసి, దానికే గుచ్చి పంపేశారు.

మధ్యాహ్నం రెండింటికి ఆ కట్ట గుండీలక్క ముందుకు వచ్చింది. ఆమె పిన్ను తీసి చీటీ తిరగేసింది. శని ఏడు, ఆది తొమ్మిది, సోమ పదిన్నర, మొత్తం ముప్పై ఆరు. అంకెలు భర్త చేతివే. బడిపిల్లల చొక్కాలో ముప్పై ఆరు నడుం ఎక్కడిది? అయినా రోజుకింత చొప్పున పెరిగే కొలత ఏ బట్టకుంటుంది? ముప్పై ఆరు ఎవరి నడుమో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, ఆయన చొక్కాలన్నీ ఆమె చేతి కుట్టే. ఉక్కలో చొక్కా, తనే ఉతుక్కోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గుండీల డబ్బా మూతపెట్టి లేచింది.

మాస్టారిని తానుల వెనక్కి రమ్మంది. చొక్కా ఎత్తమంది. ఆయన ఏదో చెప్పబోతే ఆమె వినలేదు, తనే ఎత్తి చూసింది. తర్వాత చీటీ ఆయన ముందు పెట్టింది.

"ఎందుకండీ ఈ కొలతలు?"

ఆయన దాచలేకపోయారు. ముసలావిడ మాట, తలా తోకా కలవడం, రెండు వారాల గడువు, గురువారం, అంతా తల వంచుకుని చెప్పేశారు. నీకు సూది పడేదాకా నాకేమీ కాకపోతే చాలనుకున్నానే అన్నారు.

"అంటే, నేను సూది వేయించుకుని పదికాలాల పాటు ఉండాలి, మీరు లేకుండా," అంది ఆమె. గొంతులో పిల్లికూత మొదలైంది. "బాగానే కత్తిరించారు."

ఆ మాట ఆయనకు సర్పి మంటకంటే ఎక్కువగా తగిలింది. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని, యజమానికి చెప్పి, ఆరోగ్య కేంద్రానికి నడిపించుకుపోయింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ పొక్కులు చూసి, ఎప్పుడు కనిపించాయని అడిగింది. శనివారమని చెప్పగానే గబగబా మందు చీటీ రాసింది. పొక్కులు వచ్చిన మూడు రోజుల్లోపు ఈ మాత్రలు మొదలుపెడితే బాగా పనిచేస్తాయట. ఆలస్యమైతే పొక్కులు మాడిపోయినా, ఆ చోట నొప్పి నెలల తరబడి పట్టుకుని వదలకపోవచ్చట. ఇంకొక్క రోజు ఆగి వస్తే ఆ అదను దాటిపోయేదని ఆమె అంది. గురువారం దాకా ఆగుదామనుకున్న మాట ఆయన బయటకు అనలేదు. భార్య అనేసింది.

తలా తోకా కలవడం గురించి కూడా ఆమే అడిగింది. డాక్టరమ్మ నవ్వలేదు. మాస్టారి మెడలో టేపు అడిగి తీసుకుంది.

"మాస్టారూ, చొక్కాకి ముందు ఎడమ ముక్క, కుడి ముక్క వేరువేరుగా కత్తిరిస్తారు కదా?"

అవునన్నారు ఆయన. రెండూ గుండీల పట్టీ దగ్గర కలుస్తాయి. వీపు ముక్కను మధ్యకు మడిచి కత్తిరిస్తారు.

"నరాలూ అంతే. వెన్ను దగ్గర బయల్దేరతాయి. ఎడమవి ఎడమకి, కుడివి కుడికి. ఈ జబ్బు ఒక నరం వెంట నడుస్తుంది. వీపు మడత దగ్గర మొదలై, ముందు గుండీల పట్టీ దాకా రావచ్చు. మామూలుగా దాన్ని దాటి అవతలికి పోదు." ఆమె టేపును వెన్ను మీద నుంచి బొడ్డుకు సూటిగా లాగి చూపించింది. పద్దెనిమిది. "మీ ముప్పై ఆరులో ఇది సగానికే ఆగిపోతుంది. ఒకవేళ ఒంటి మీద ఇంకెక్కడైనా పొక్కులు కనిపించినా, కంటివైపు వచ్చినా నా దగ్గరకు పరిగెత్తుకు రండి. కొలుచుకుంటూ కూర్చోకండి."

ముప్పై ఏళ్లుగా ఎడమ ముక్కలూ కుడి ముక్కలూ కత్తిరిస్తున్న మనిషికి ఆ మాట ఇట్టే అర్థమైంది. యాభై ఏళ్ల నుంచి నడుం చుట్టుకుని ఉన్న పాము అప్పుడు వదిలింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి సిగ్గుపడలేదు.

చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది. ఏడేళ్లప్పుడు వచ్చిందన్నారు. ఆ పురుగే ఒంట్లో నరాల దగ్గర నిద్రపోతూ ఉండి, వయసు మళ్లినప్పుడో, ఒంట్లో శక్తి తగ్గినప్పుడో లేస్తుందని, దానికీ పాముకూ ఏ చుట్టరికమూ లేదని ఆమె చెప్పింది. పొక్కులు ఎండేదాకా పైన శుభ్రమైన గుడ్డ కప్పుకోవాలి, వాటిని తాకితే చేతులు కడుక్కోవాలి, గర్భిణులకూ పసిపిల్లలకూ దూరంగా ఉండాలి. ఆటలమ్మ రానివాళ్లకు ఆ రసం తగిలితే వాళ్లకు ఆటలమ్మ రావచ్చు. గుండీలక్కకు చిన్నప్పుడే వచ్చి పోయింది కాబట్టి ఆమెకు భయం లేదు.

గుండీలక్క అంతా విని, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

"ఇది సూది వల్ల వచ్చిందా? ఉన్నదున్నట్టు చెప్పండి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టడానికి చెప్పకండి."

ఇన్నాళ్లూ ఏ ప్రశ్న నుంచి ఆమెను తప్పించాలని తంటాలు పడ్డారో ఆ ప్రశ్న బల్ల మీదకు వచ్చేసింది. కాదని డాక్టరమ్మ గట్టిగా ఒక్క మాట అంటే బాగుండునని ఆయన మనసులో దండం పెట్టుకున్నారు. డాక్టరమ్మ అలా అనలేదు.

"అవునని చెప్పలేనమ్మా. కాదని ఒట్టు కూడా వేయలేను. ఈ వయసులో టీకా వేయించుకోని వాళ్లకీ ఇది వస్తుంది, వాళ్లను చూస్తూనే ఉంటాను. టీకా తర్వాత కొందరికి వచ్చిందనీ రాస్తున్నారు. ఒక్క మనిషిని చూసి తేల్చలేం. ఎందరికి వచ్చిందో అందరిదీ రాసి పంపితే పెద్దవాళ్లు లెక్క చూసి తేలుస్తారు. అందుకే మీ ఆయనది ఇప్పుడు రాస్తున్నాను. ఇది చికిత్స ఉన్న జబ్బు. మీ ఆయాసానికి ఆ జ్వరం తోడైతే ఆసుపత్రి పాలు కావచ్చని మీ ఆయనతో ఇదివరకే చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. రెండూ మీ ముందు పెట్టాను. తేల్చుకోవలసింది మీరు."

నర్సమ్మ ఒక కాగితం తెచ్చి, ఏ రోజు టీకా, ఏ రోజు మంట, ఏ రోజు పొక్కులు అన్నీ అడిగి రాసుకుంది. మాస్టారి రెండో టీకా ఇది తగ్గాక చూద్దామంది. దారిలో గుండీలక్క ఏమీ తేల్చి చెప్పలేదు. ఆయన అడగడానికి ధైర్యం చేయలేదు. ఆ రాత్రి మాత్రం చొక్కా లేకుండా పడుకున్నారు.

ఇక్కడితో అయిపోతే ఇది ఒక ఇంటి కథ. కానీ కార్ఖానాలో అప్పటికే చెవులు కొరుక్కోవడం మొదలైంది. చీటీ కాజాల దగ్గర ఒకరు చూశారు, తానుల వెనక చొక్కా ఎత్తడం ఇంకొకరు చూశారు. మంగళవారం మాస్టారు రాలేదు. బుధవారం పొద్దుటికి మాస్టారి నడుముకు పాము చుట్టుకుందనీ, అది సూదిలోంచే వచ్చిందనీ తేల్చేశారు. గురువారం ఎవరూ చెయ్యి చాపకూడదని ఇస్త్రీ బల్ల దగ్గర తీర్మానం కూడా అయింది. ఈ రభస ఎందుకు, ఈసారికి టీకా వాళ్లను రావద్దందామా అని యజమాని అనుకుంటున్న వేళకు మాస్టారు వచ్చారు. గుడ్డ కప్పుకుని కూర్చోవడానికి డాక్టరమ్మ అనుమతి ఇచ్చింది, గర్భిణులెవరూ లేరని కనుక్కున్నాకే ఆయన గుమ్మం దాటారు.

టీ వేళకు అందరూ కూడారు. మాస్టారు దూరంగా స్టూలు మీద కూర్చుని మొదటి నుంచి చెప్పారు. ముసలావిడ మాట దగ్గర కొందరు ముఖముఖాలు చూసుకున్నారు, వాళ్లూ అది విన్నవాళ్లే. గుండీల పట్టీ మాట దగ్గర మిషన్ల వాళ్లందరూ తల ఊపారు. సూది వల్ల అవునో కాదో తెలియదని డాక్టరమ్మ అన్నదీ ఆయన దాచలేదు.

"మిమ్మల్నందరినీ కుర్చీలో కూర్చోబెట్టింది నేను," అన్నారు. "నాకు వచ్చింది మీకు చెప్పకుండా దాచింది కూడా నేనే. మొదటిదానికి నేను బాధపడటం లేదు. రెండోదానికి క్షమించమని అడుగుతున్నాను."

ఆ తర్వాత ఇస్త్రీ అన్న గొంతు సవరించుకుని తన చొక్కా చెయ్యి మడిచాడు. సూది పడిన రెండో రోజు తనకు ఒళ్లంతా దద్దుర్లు లేచి తెల్లారేదాకా గోక్కున్నాడట. కొత్త సబ్బు కొన్నందుకని భార్యతో వారం రోజులు పోట్లాడాడట. అది విని అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణగకముందే కాలర్లు కుట్టే అమ్మాయి లేచింది. సూది పడిన వారానికి తన చెయ్యి సాసరంత మేర ఎర్రబడి దురద పెట్టిందని, నలుగురూ ఏమంటారోనని అంత ఎండలోనూ నిండు చేతుల చొక్కా వేసుకు తిరిగిందని చెప్పింది. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు. నలభై మందిలో పదకొండు మంది ఏదో ఒకటి దాచుకున్నవాళ్లే. ప్రతివాళ్లూ తమ ఒక్కరికే వచ్చిందనుకున్నారు. ఎవరి భయాన్ని వాళ్లు చేతుల కింద మడిచి పెట్టుకుని, పక్కవాళ్లతో పాము గురించి మాట్లాడుకున్నారు.

నర్సమ్మను పిలిపించారు. ఆమె సాయంత్రం దాకా కూర్చుని పదకొండు కాగితాలు నింపింది. ఎక్కువ భాగం వాటంతటవే తగ్గిపోయినవే. ఇస్త్రీ అన్నను మాత్రం, ఆ రాత్రి పెదవులు వాచాయా, ఊపిరి ఆడకపోవడం జరిగిందా అని గుచ్చి గుచ్చి అడిగింది. లేదన్నాక కూడా, డాక్టరమ్మ చూసి సరేననేదాకా రెండో సూది వద్దంది, వేశాక అరగంట తన కళ్లముందే కూర్చోవాలంది. ఇది ముందే చెప్పి ఉంటే అతనికి దురదా తప్పేది, సబ్బు తగవూ తప్పేది.

గురువారం వచ్చింది. కిటికీ పక్కన కుర్చీ వేశారు. మాస్టారు కటింగ్ బల్ల దగ్గర నిలబడి పని చేస్తున్నట్టు నటిస్తున్నారు గానీ కత్తెర ముందుకు పోవడం లేదు. భార్య ఏం తేల్చుకుందో ఆయనకు ఇంకా తెలియదు. ఇద్దరు ముగ్గురు వేయించుకున్నారు. ఒకాయన ఇంకో వారం ఆలోచించుకుంటానని వెళ్లిపోయాడు, ఎవరూ అతన్ని కసరలేదు. అప్పుడు గుండీల డబ్బా మూత పడిన చప్పుడు వినిపించింది.

గుండీలక్క వచ్చి కుర్చీలో కూర్చుంది. తన ఆయాసం గురించి, వాడే మందుల గురించి నర్సమ్మకు అడగకముందే చెప్పింది. సూదంటే తనకు చచ్చేంత భయమని కూడా అందరూ వినేలా చెప్పింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఆ మాట ఒప్పుకోవడం మాస్టారు వినడం అదే మొదటిసారి. ఆయన బల్ల వదిలి వచ్చి పక్కన నిలబడ్డారు.

"నాకేమీ కాలేదు కదా అని అనను," అన్నారాయన మెల్లగా. "అయింది. అయినా ఎందుకు వేయించుకుంటున్నావే?"

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది.

"మీకేమీ కాలేదని మీరు అబద్ధం చెబితే వేయించుకునేదాన్నే గానీ, రేపు నా చెయ్యి కాస్త ఎర్రబడినా హడలి చచ్చేదాన్ని. ఇప్పుడు ఏం రావచ్చో తెలుసు, వస్తే ఎవరికి చెప్పాలో తెలుసు. కానివ్వమ్మా."

సూది దిగింది. ఆమె అరగంట కూర్చుని, లేచి, తన గుండీల దగ్గరకు పోయింది. మర్నాడు పొద్దున్న చెయ్యి ఎర్రగా వాచి వెచ్చగా ఉంటే, పనికి వెళ్లే దారిలోనే ఆరోగ్య కేంద్రం మెట్లెక్కింది. చిన్న వాపే, రెండు రోజుల్లో పోతుందని నర్సమ్మ అంటే, చిన్నదో పెద్దదో మీరు చూసుకోండి, ముందు రాసుకోండి అని నిలబడి రాయించింది. పక్కన నిలబడ్డ మాస్టారి పొక్కులు అప్పటికే పక్కు కడుతున్నాయి, మంట సగానికి తగ్గింది. గుండీల పట్టీ దాకా వచ్చి అవి అక్కడే ఆగిపోయాయి.

టీకా వేయించుకున్నాక ఒంటి మీద ఏది కనిపించినా, దానికి పాత పేరు పెట్టి భయపడకుండా, పక్కవాళ్లు ఏమంటారోనని దాచకుండా, ఆ రోజే వెళ్లి చెప్పుకోవాలి. మనల్ని ప్రేమించేవాళ్లకు మనం ఇవ్వవలసిన ధైర్యం అదే.